ఈశాన్యం గోడ మీద కోట

ఆదివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలలోపు కోటేశ్వరమ్మ తన పాలగిన్నెతో గడప దాటకపోతే, మంగళవారం సాయంత్రం విమానంలో భార్గవ్ భార్య ప్రొద్దుటూరు వెళ్ళిపోతుంది. టికెట్టు కూడా కొనేశారు.

ఇంత గొడవకూ కారణం ఒక బీరువా.

ఆక్లండ్‌లో, శాండ్రింగ్‌హామ్ వీధిలో, ఇండియన్ కొట్లకు నాలుగు సందుల అవతల ఆ ఇల్లుంది. పాత చెక్క ఇల్లు, ముందు వరండా, వెనక విడిగా గరాజ్. 1886లో కట్టిందని ఏజెంటు గొప్పగా చెప్పాడు. భార్గవ్ హెండర్సన్ ఫ్లాట్‌లో ఐదేళ్ళు అద్దెకుండి, 2005 ఆగస్టులో దాన్ని కొన్నాడు. గృహప్రవేశానికి అత్తగారు కోటేశ్వరమ్మ ప్రొద్దుటూరు నుంచి దిగింది. మామగారు విమానం ఎక్కనన్నాడు. ముప్పై ఏళ్ళు ఇళ్ళు కట్టించిన మేస్త్రీ, కాళ్ళ కింద పునాది లేని దాంట్లో కూర్చోవడం ఆయన వల్ల కాదట. ఆ ముప్పై ఏళ్ళూ పని దగ్గర ఎండలో నిలబడి కూలీల మీద కేకలేసింది మాత్రం కోటేశ్వరమ్మే.

ముహూర్తానికి ముందు ఇంట్లో కాలు పెట్టనని, శుక్రవారం ఉదయం ఆవిడ వరండాలో నిలబడి కిటికీలోంచి ముందుగదిని తనిఖీ చేసింది. ఈశాన్యం గోడకు బిగించిన పెద్ద బీరువా కంటబడింది. ఈశాన్యంలో బరువుంటే ఇంటి యజమాని ఎదగడని తేల్చింది. అల్లుడితో నేరుగా మాట్లాడటం వాళ్ళ ఇంట్లో మర్యాద కాదు. మూడడుగుల దూరంలో భార్గవ్ ఉన్నా సరే, ఆవిడ కూతురి వైపే చూసి మాట్లాడుతుంది.

"కీర్తనా, దాన్ని పీకెయ్యమని మీ ఆయనకు చెప్పు."

భార్గవ్ పీకేశాడు. బీరువాతో పాటు వెనకున్న అట్టపలకలు కూడా ఊడొచ్చాయి. దుమ్ము అణిగాక అందరూ గోడ వైపు చూశారు.

గోడ మీద యుద్ధం ఉంది.

పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, రంగులతో గోడ మీదే నేరుగా వేసిన బొమ్మ. ఒక కోట. నడుమ గోడ కూలిపోయి, ఊడిన పళ్ళలాగా రాళ్ళు కిందికి జారి ఉన్నాయి. బురుజు సగం లేదు. పొగ. నిచ్చెనలు. తలల మీద తట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళు. కుడి పక్క చెట్టు కింద పడున్న మనుషులు. కింద మూలలో చిన్న అక్షరాలు, వాటి మీద మసి.

కోటేశ్వరమ్మ కిటికీ దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. భారత యుద్ధం పటమే ఇంట్లో పెట్టుకోకూడదంటారే, గోడంతా కూలిన కోటను పెట్టుకుని నా బిడ్డ ఎట్లా కాపురం చేస్తుందని అడిగింది. ఆ ప్రశ్న కూడా కీర్తననే అడిగింది.

ఆ క్షణంలో భార్గవ్ ఒక డబ్బా తెల్లరంగు తెచ్చి గోడకు పూసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ అతను బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టర్. కంటబడిన దాన్ని పై వాళ్ళకు రాసి పంపకుండా అన్నం సహించని మనిషి. ఫోటో తీశాడు, పాత భవనాల బాగోగులు చూసే ఒక ట్రస్టు పేరు ఇంటర్నెట్‌లో వెతికాడు, దీనిమీద రంగు వెయ్యొచ్చా అని మర్యాదగా ఈమెయిల్ పెట్టాడు.

గంటలో జవాబొచ్చింది. బొమ్మను తాకరాదు, కడగరాదు, కప్పరాదు, ఆ గదిలో పొగ పెట్టరాదు. చట్టం ఒప్పుకోదు. ఆదివారం పదిన్నరకు మా నిపుణురాలు ఐలీన్ వస్తారు. ఇంత బాధ్యతగల యజమాని దొరికినందుకు కృతజ్ఞతలు.

"అడక్కపోతే ఏం పోయేది?" అంది కీర్తన.

భార్గవ్ ఆ ఈమెయిల్‌ను మళ్ళీ మొదటినుంచి చదివాడు.

ముట్టడి శుక్రవారం మధ్యాహ్నం మొదలైంది. హెండర్సన్ ఫ్లాట్ తాళాలు అప్పటికే ఇచ్చేశారు, సామాను లారీలో వచ్చేసింది. కోటేశ్వరమ్మ దాన్నంతా గరాజ్‌లోకి దింపించింది. గరాజ్‌కు వేరే కప్పుంది కాబట్టి అది ఇల్లు కిందికి రాదని పురోహితుడు సుబ్బరామయ్య ఫోన్లో తేల్చి చెప్పాడు. బియ్యం, పప్పు, ఊరగాయ జాడీలు, గ్యాసు పొయ్యి ఆవిడ అధీనంలోకి వెళ్ళిపోయాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడ ఒళ్ళో తువ్వాలు చుట్టి పెట్టుకున్న కొత్త ఇత్తడి గిన్నె. ఆడపిల్ల పుట్టింటివాళ్ళు తెచ్చిన గిన్నెలోనే కొత్తింట్లో పాలు పొంగాలి. పాలు పొంగేదాకా ఇంట్లో పొయ్యి మీద టీ నీళ్ళు కూడా పెట్టకూడదు.

షరతులు కీర్తన చేత పంపింది. గోడ పోవాలి. పోకపోతే ముహూర్తం పోతుంది. ఇది దాటితే కీర్తన నక్షత్రానికి సరిపడే మంచిరోజు కార్తీకంలో గానీ లేదట. మూడు నెలలు కూతుర్ని గరాజ్‌లో పడుకోబెట్టి వెళ్ళిపోవడం తన వల్ల కాదు. అందుకని శాండ్రింగ్‌హామ్‌లో ట్రావెల్ ఏజెంటు దగ్గరికి నడిచి వెళ్ళి, తన విమానంలోనే కూతురికీ సీటు కొనేసింది. ఇంగ్లీషు రాకపోయినా టికెట్టు కొనడం రెండు వేళ్ళు చూపించినంత తేలిక.

భార్గవ్ తెర కడతానన్నాడు. గోడకు తగలకుండా రెండు కర్రలు నిలబెట్టి దుప్పటి వేలాడదీస్తే కప్పినట్టు కాదు కదా అని ట్రస్టుకు ఫోన్ చేసి అనుమతి కూడా సంపాదించాడు. గరాజ్ నుంచి కబురు తిరిగొచ్చింది.

"పిల్లి కండ్లు మూసుకుని పాలు తాగినట్టుందంటోంది అమ్మ," అంది కీర్తన.

"నువ్వేమంటావు?"

"నాకు ఇల్లు కావాలి. రాత్రంతా ఫ్రిజ్జుకూ సోఫాకూ మధ్య పడుకున్నా. కానీ భార్గవ్, మా అమ్మ గిన్నె లేకుండా నేను ఆ పొయ్యి వెలిగించను. అమ్మ రమ్మంటే మంగళవారం వెళ్తాను. తర్వాత ఎప్పుడొస్తానో నన్నడగొద్దు."

అలిగి అన్న మాట కాదు. అందుకే భార్గవ్‌కు భయమేసింది.

శనివారం ఉదయం సుబ్బరామయ్య వచ్చాడు. వారంలో ఐదు రోజులు టాక్సీ నడుపుతాడు, శనాదివారాలు పంచె కడతాడు. టాక్సీలోనే పంచాంగం, మీటరు పక్కన విభూతి పొట్లం. గరాజ్‌లో కోటేశ్వరమ్మ పెట్టిన ఉప్మా తిని, వరండాలో భార్గవ్ తెచ్చిన కాఫీ తాగి, తను ఎటువైపూ కాదని ప్రకటించాడు. యుద్ధం, శోకం, పాడుపడ్డ గోడలు ఇంట్లో ఉండరాదన్న మాట మాత్రం నిజమేనన్నాడు.

ఏం పెట్టుకోవచ్చని భార్గవ్ అడిగాడు. ఆవూ దూడా, పూర్ణకుంభం, శ్రీరామ పట్టాభిషేకం అంటూ పురోహితుడు వేళ్ళు మడిచాడు.

"పట్టాభిషేకం యుద్ధం అయ్యాకే కదండీ?"

"అయ్యాకే. ముందెలా అవుతుందయ్యా?"

"అంటే యుద్ధం అయిపోయాక జరిగేది మంచిదే."

సుబ్బరామయ్య కప్పు కింద పెట్టి అతని వైపు అనుమానంగా చూశాడు. అప్పటికే భార్గవ్ లోపలికి పరిగెత్తాడు.

అతనికి తట్టింది ఇదీ. కంప్యూటర్ తెర మీద సగం నిండిన పట్టీని ఫోటో తీస్తే, ప్రోగ్రాం ఎక్కుతోందో దిగిపోతోందో ఆ ఫోటో చెప్పలేదు. గోడ మీద బొమ్మ కూడా అంతే. సగం గోడ ఉంది. కూలుతోందా, కడుతున్నారా? ఎవరు చెప్పగలరు? కడుతున్నారని నిరూపిస్తే అది యుద్ధం పటం కాదు, గృహనిర్మాణం. గృహప్రవేశానికి అంతకన్నా శుభమేముంది?

శనివారం పొద్దు వాలేదాకా గోడ ముందు కూర్చున్నాడు. ఆకలేస్తే వీధి చివర డెయిరీ అనే చిల్లర కొట్లో కొన్న 'పై' రొట్టె తిన్నాడు, అది కూడా వరండాలో నిలబడి. పద్నాలుగు ఆధారాలు రాసుకున్నాడు. నిచ్చెనలు పరంజా. తట్టల్లో ఇసుక. పొగ వంటపొయ్యిది. ఎడమ పక్క ఎర్రకోటు తొడుక్కుని చెయ్యి చాపి నిలబడ్డవాడు ఇంజనీరు. చెట్టు కింద పడున్నవాళ్ళు మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తున్న కూలీలు.

ఈ పన్నెండోది రాసేటప్పుడు కలం ఆగింది. దగ్గరికి జరిగి చూశాడు. చెట్టు కింద ఏడుగురు. ఒకడి తలపాగా ఊడి పక్కన పడుంది. పక్కనే ఒక ముసలామె కూర్చుని ఆ తలపాగా గుడ్డను చేత్తో సర్దుతోంది. బొమ్మ వేసినవాడు ఆమె ముఖం మీద ఎంత సేపు గడిపాడో గానీ, కోట మొత్తంలోకీ శ్రద్ధగా వేసింది అదే. ఆ ముఖాన్ని తెనాలి బజార్లోనో కడప బస్టాండ్‌లోనో వందసార్లు చూసినట్టనిపించింది భార్గవ్‌కు.

"పన్నెండు. కునుకు," అని రాసుకుని, మిగతా రెండూ ముగించి లేచాడు. మంగళవారానికి మూడు రోజులే ఉన్నాయి.

ఆదివారం వాన. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, గడపకు పసుపు. పదిన్నరకు కచ్చితంగా ఐలీన్ దిగింది. అరవై ఏళ్ళ సన్నటి మనిషి, రబ్బరు బూట్లు, మెడలో భూతద్దం. సుబ్బరామయ్య ఆవిడ చేత బూట్లు విప్పించి, నుదుట బొట్టు పెట్టి లోపలికి వదిలాడు. పరీక్షలు చెయ్యడానికి వచ్చినవాళ్ళకు గృహప్రవేశం నియమాలు వర్తించవన్నాడు.

ఐలీన్ బొమ్మ ముందు పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడిచింది. తర్వాత చెప్పింది. ఈ ఇల్లు కట్టుకున్నది కెప్టెన్ బ్రాడ్ అనే పెద్దమనిషి, కుర్రతనంలో ఇండియాలో సైన్యంలో పనిచేశాడు. కోట పేరు నల్లమద్ది అయ్యుండొచ్చు, ఆయన ఉత్తరాల్లో ఉంది. కోటలు కూలిన మర్నాటి దృశ్యాలు గీయడం ఆ రోజుల్లో గెలిచినవాళ్ళకు అలవాటు. ఇది విధ్వంస దృశ్యం, అందులో సందేహం లేదు.

భార్గవ్ వరండాలోకి వచ్చాడు. అప్పటికి కోటేశ్వరమ్మ గొడుగు పట్టుకుని, గిన్నె చంకన పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఏమంటాది ఆ దొరసాని?" అని కీర్తననడిగింది.

"కోట కడుతున్నారంటోంది అత్తయ్యగారూ," అన్నాడు భార్గవ్.

కీర్తనకు ఇంగ్లీషు వచ్చు. ఐలీన్ అన్నది విన్నది కూడా. భర్త ముఖం చూసి నోరు మూసుకుంది. టైము పదకొండు.

భార్గవ్ కాగితం తీశాడు. మొదటిది నిచ్చెనలు. అత్తగారు కిటికీలోంచి ఒక్కసారి చూసి, అంత నిట్టనిలువుగా నిచ్చెన ఆనిస్తే తట్ట మోసే మనిషి వెనక్కి పడి చస్తాడు, అవి ఎక్కి దూకడానికి వేసిన నిచ్చెనలు అని కొట్టేసింది. పొగ? వంటపొయ్యి పొగ అంత నల్లగా ఉంటే ఆ అన్నం ఎవరూ తినలేరు. ఇంజనీరు? ఇంజనీరనేవాడు ఎండలో నిలబడడు, నీడలో నిలబడి మేస్త్రీని నిలబెడతాడు. ఒక్కో ఆధారం ఒక్కో రాయిలా రాలిపోతోంది. ఐలీన్‌కు ఈ వాదన ఏమిటో అర్థం కాక కిటికీ లోపలివైపు వచ్చి నిలబడింది. ఈవిడ ఎవరని అడిగితే, ముప్పై ఏళ్ళు కట్టడం పనులు చేయించిన మనిషి అని కీర్తన చెప్పింది. ఐలీన్ పుస్తకం తెరిచి కలం తీసింది.

పదకొండు గంటల పది. భార్గవ్ పన్నెండో ఆధారం దగ్గర తడబడ్డాడు.

"చెట్టు కింద కూలీలు... భోజనం చేసి..."

కోటేశ్వరమ్మ చాలాసేపు అటే చూసింది. కొట్టెయ్యలేదు, ఒప్పుకోలేదు. తర్వాతది చెప్పమన్నట్టు గిన్నెను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది.

పదమూడు. చెట్టుకు అవతల, కుడి మూలలో ఒక ఎద్దు. ఎద్దు వెనక చక్రం. సామాను బండి అని భార్గవ్ రాసుకున్నాడు. కీర్తన ఇంగ్లీషులో చెబితే, అది ఫిరంగి బండి అని ఐలీన్ లోపలినుంచి సవరించింది. కీర్తన ఆ మాట తల్లికి తెలుగులో చెప్పింది.

"ఎన్ని ఎద్దులు?" అంది కోటేశ్వరమ్మ. కిటికీకీ ఆ మూలకూ మధ్య ఫైర్‌ప్లేస్ గట్టు అడ్డం. ఆవిడకు ఎద్దు ముట్టె మాత్రం కనిపిస్తోంది.

"ఒకటే," అన్నాడు భార్గవ్.

"కీర్తనా, ఒంటెద్దు ఫిరంగిని లాగుతుందా అని అడుగు మీ ఆయన్ని. చక్రాలెన్ని?"

"ఒకటే."

"ఒకటేనా? సరిగ్గా చూడమను."

భార్గవ్ లోపలికి వెళ్ళి చూశాడు. చక్రం ఒక్కటే. చెక్కది కాదు, రాతిది. అదుండేది దారి మీద కాదు. నేలలో గుండ్రంగా తవ్విన కాలువలో నిలబడి ఉంది. కాలువ నిండా తెల్లగా ఏదో. ఇదంతా అతను గదిలోంచి అరిచి చెప్పాడు.

వరండాలో గొడుగు కింద పడిన చప్పుడైంది.

"రాతి చక్రం, గుండ్రం కాలువ, తెల్లంగా ఉండాదా?" కోటేశ్వరమ్మ గొంతు మారిపోయింది. "కీర్తనా, అది గానుగే. సున్నం గానుగ. సున్నమూ ఇసుకా పోసి ఎద్దుతో నూరేది. మా నాయనకు రెండుండె. యుద్ధం చేసేటోళ్ళకు గానుగ సున్నమెందుకు? ఆడ నిజంగానే కడతాండారు."

అని గుమ్మం వైపు నడిచింది. ఆ నడక ఎక్కడికో, ఎందుకో ఆవిడకే గుర్తున్నట్టు లేదు. ముప్పై ఏళ్ళు పని దగ్గర తప్పు కనిపించినప్పుడల్లా ఎట్లా నడిచిందో అట్లాగే నడిచింది. ఒక చెయ్యి ముందుకు చాచి, వేలు గోడ వైపు చూపిస్తూ, గిన్నెతో సహా.

సుబ్బరామయ్య గడియారం చూశాడు. పదకొండు గంటల పదిహేడు.

"ముందు దంపతులు," అని అరిచాడు. "అమ్మా, ఒక్క క్షణం ఆగండి, దంపతులు ముందు వెళ్ళాలి. అయ్యా, నువ్వు లోపలున్నావేమిటి, బయటికి రా."

భార్గవ్ గదిలోంచి బయటికి దూకాడు. సాక్సు జారి వరండాలో కూలబడ్డాడు. కీర్తన అతని చొక్కా కాలరు పట్టుకుని లేపింది. పురోహితుడు దేవుడి పటం ఒకరి చేతిలో, దీపం ఒకరి చేతిలో కుక్కాడు. కోటేశ్వరమ్మ అప్పటికే గడప మీద ఉంది. భార్యాభర్తలిద్దరూ ఆవిడ చెరో పక్కనుంచీ దూరి, కుడికాలు ముందుపెట్టి లోపల పడ్డారు. వెనకే పాలగిన్నె, దాన్ని మోస్తున్న మనిషి. మంత్రాలు ఆ తర్వాత, రొప్పుతూ.

పదకొండు గంటల పద్దెనిమిది.

ఐలీన్ దీన్నంతా వీళ్ళ ఆచారమనుకుని, మర్యాదకు తను కూడా ఒకసారి బయటికెళ్ళి కుడికాలు పెట్టి లోపలికొచ్చింది.

కోటేశ్వరమ్మ గోడ ముందు నిలబడి పాఠం మొదలుపెట్టింది. కీర్తన ఇంగ్లీషులో చెబుతుంటే ఐలీన్ రాసుకుంది. తట్టల కింద చుట్టకుదురు చూడు, మోసేది బరువు. అదిగో వాడి చేతిలో దారానికి వేలాడేది గుండు, గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూస్తున్నాడు. ఎడమవైపు కింది మూడు వరసలు కొత్తవి, సున్నం ఇంకా తడి ఆరలేదు, రంగు తేడా చూడు. కానీ పనితనం అధ్వాన్నం. కింది వరస అతుకు మీదే పై వరస అతుకు వచ్చింది, అట్లా కడితే ఒక్క వానకు పగులుతుంది. ఎవడో తొందరపెట్టి కట్టించినాడు.

ఐలీన్ ఇదంతా విని, కింద మూలలో మసి పట్టిన అక్షరాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. భార్గవ్ ఒకడుగు ముందుకేశాడు. నిన్న అతను కూడా వాటిని చదవాలని చూశాడు. 'నల్లమద్ది కోట గోడ, పడగొట్టిన' అన్నంతవరకూ కనిపించి, మిగతాది మసిలో ఉంది. అందుకే ఆ మూలను తన కాగితంలో ఎక్కించలేదు. ఐలీన్ మెత్తటి కుంచెతో పదే పదే దులిపి, భూతద్దం పెట్టి, మొత్తం పైకి చదివింది. కీర్తన తెలుగులో చెప్పింది.

"నల్లమద్ది కోట గోడ. పడగొట్టిన తొమ్మిదో రోజు. కూల్చమన్నారు, కూల్చాను. మాకే అవసరమని మళ్ళీ కట్టమన్నారు, కడుతున్నాను. జె. బ్రాడ్, ఇంజనీర్ల దళం."

సుబ్బరామయ్యే ముందు తేరుకుని, నిర్మాణం శుభమేనని, పొయ్యి వెలిగించమని తొందరపెట్టాడు. వంటగదిలో ఇత్తడి గిన్నెలో పాలు పొంగి తూర్పు వైపు పొర్లాయి. టైము పదకొండు పంతొమ్మిదని సుబ్బరామయ్య అన్నాడు. గోడ గడియారం నలభై మూడని చూపిస్తోంది. అది కివీ టైమని, దాన్ని పట్టించుకోనక్కర్లేదని పురోహితుడు తేల్చాడు.

ఐలీన్ పొంగలి తిని, కోటేశ్వరమ్మ చేతులు రెండూ పట్టుకుని ఊపి, తన నివేదికలో ఆవిడ పేరు రాస్తానని చెప్పి వెళ్ళిపోయింది. సుబ్బరామయ్య పంచె మీదే టాక్సీ ఎక్కాడు.

మధ్యాహ్నం భార్గవ్ ముందుగదిలో నేల మీద కూర్చుని మూడు రోజుల తర్వాత మొదటిసారి వేడన్నం తిన్నాడు. కీర్తన టికెట్టు వాపసు ఇవ్వడానికి ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేస్తోంది. ఇంగ్లీషులో ఆమె నవ్వు వినిపిస్తోంది. కోటేశ్వరమ్మ విస్తట్లో పప్పు వేసి, గోడ వైపు తిరిగి, చెట్టు కింద ముసలామెను చూస్తూ నిలబడింది.

"ఆడ పండుకున్నోళ్ళు నిద్రపోతాండ్లేదు, నాయనా," అంది.

భార్గవ్ ముద్ద చేతిలోనే ఆగింది. ఆవిడ చూసింది కీర్తన వైపు కాదు. పెళ్ళైన ఐదేళ్ళలో మొదటిసారి ఆవిడ మాట నేరుగా అతనికే వచ్చింది.

"తెలుసు అత్తయ్యగారూ."

"నీకు తెలుసని నాకూ తెలుసులే. ఆ మాట కాడ నీ నోరు తిరగలేదు." ఆవిడ పొంగలి గిన్నె అందుకుంది. "పీనుగులు తియ్యకముందే గోడ కట్టించినారు. వానికీ ఎవురో ముహూర్తం పెట్టినట్టుండాది."

ఆ ముసలామె ముందు నేల మీద చిన్న ఇత్తడి పళ్ళెంలో ఇంత పొంగలి పెట్టింది. గోడకు తగలకుండా జానెడు దూరంలో. చట్టం ఆవిడకు గుర్తుంది. తర్వాత నెయ్యి తేవడానికి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం గరాజ్ ఖాళీ చేశారు. భార్గవ్ వంటగదిలో ఫ్రిజ్జుకు ప్లగ్గు వెతుకుతుంటే, పాల ఆవిరికి పొయ్యి ఎదురుగోడ మీద పాత కాగితం ఒక మూల పైకి లేచి కనిపించింది. అంటిద్దామని వేలు పెట్టాడు. ఇంకో జానెడు ఊడొచ్చింది.

దాని కింద ఆకాశం ఉంది. నీలం రంగు, దాని మీద పొగ, పొగ కింద నల్లగా, గుండ్రంగా, సూటిగా అతని వైపే తిరిగిన ఫిరంగి నోరు. ఇది గానుగ కాదు. ఎన్ని ఎద్దుల్ని కట్టినా గానుగ కాదు. పక్కనే ఇంకో కోట, చెక్కు చెదరకుండా, జెండాతో సహా. కెప్టెన్ బ్రాడ్ ఈ గోడ మీద, కోటను కూల్చడానికి ముందటి రోజును వేసుకున్నాడు.

ముందుగదిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. ఐలీన్ చిరునామా అందులోనే ఉంది. భార్గవ్ చెయ్యి అలవాటు కొద్దీ అటు వెళ్ళబోయింది. అత్తగారి విమానం మంగళవారం సాయంత్రం. నలభై ఎనిమిది గంటలు.

జీవితంలో మొదటిసారి అతను చూసినదాన్ని ఎవరికీ రాసి పంపలేదు. కాగితాన్ని అరచేత్తో వెనక్కి అదిమి, ఫ్రిజ్జును రెండు చేతులతో కౌగిలించుకుని, అంగుళం అంగుళం జరుపుతూ ఆ గోడకు ఆనించి, దానికి వీపు ఆనించి నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

కోటేశ్వరమ్మ ఊరగాయ జాడీతో వంటగది గుమ్మంలోకి వచ్చింది. ఫ్రిజ్జును చూసింది. కిటికీలోంచి సూర్యుడెక్కడున్నాడో చూసింది. మళ్ళీ ఫ్రిజ్జును చూసింది. ఇప్పుడు మధ్యలో కీర్తన అవసరం లేదు.

"నాయనా," అంది ప్రేమగా, "ఆ ఫ్రిజ్జు ఆడ ఉండకూడదే."